నొప్పి మందుల ఒప్పందం, గంజాయి: కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

(నొప్పి నివారణ విభాగంలో రోగుల కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నొప్పితో ఉన్న మనిషిని ఇంట్లో చూసుకోవడం ఎంత కష్టమో మాకు తెలుసు. రాత్రి రెండు గంటలకు మూలుగు వినబడితే ముందు లేచేది మీరే. మాత్ర వేసేది, నీళ్ళు తాగించేది, నడుము కింద దిండు సర్దేది మీరే. డాక్టరు నెలకు ఒకటి రెండు సార్లు చూస్తారు. మీరు రోజంతా చూస్తారు. అందుకే ఈ విషయం మీతో మాట్లాడాలనుకున్నాము.

ఈ రోజు విషయం గంజాయి. ఓపీలో దీని గురించి పైకి అడిగేవారు తక్కువ. కానీ తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి, “డాక్టరుగారూ, అది కొంచెం వేస్తే నొప్పి తగ్గుతుందంటున్నారు, నిజమేనా?” అని అడిగేవారు ఉన్నారు. అడిగినవారికి మా కృతజ్ఞతలు. అడగకుండా ఇంట్లో వాడుతున్నవారి గురించే మాకు దిగులు.

ఒప్పందం ఎందుకు రాయించుకుంటాము?

మార్ఫిన్ వంటి మందులు మొదలుపెట్టే ముందు రోగి చేత, ఇంట్లో ఒకరి చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటాము. చాలామంది దానిని ఆపరేషన్ ముందు పెట్టే సంతకం లాంటిదనుకొని చదవకుండానే పెడతారు. అందులో ఉన్నవి ఇవి:

1. నొప్పి మందులు ఒకే డాక్టరు దగ్గర, ఒకే చోట తీసుకోవాలి.
2. రాసిన మోతాదు మించకూడదు, సొంతంగా తగ్గించకూడదు, హఠాత్తుగా మానకూడదు.
3. మాత్రలు మరొకరికి ఇవ్వకూడదు. తాళం వేసి దాచాలి.
4. వచ్చేటప్పుడు మిగిలిన మాత్రలు, ఖాళీ స్ట్రిప్పులు తేవాలి.
5. సారాయి, గంజాయి, డాక్టరు రాయని నిద్రమాత్రలు వాడకూడదు. వాడితే చెప్పాలి.
6. అవసరమైతే మూత్ర పరీక్షకు ఒప్పుకోవాలి.

ఇలాంటి ఒప్పందాలు ఎక్కువగా వాడుకలోకి వచ్చింది అమెరికాలో. అక్కడ 1990ల చివర నుండి దీర్ఘకాలిక నొప్పులకు ఈ జాతి మందులు విపరీతంగా రాశారు. అలవాటు పడినవారు, మోతాదు మించి చనిపోయినవారు చాలామంది. ఆ అనుభవం తరువాత జాగ్రత్తలు పెరిగాయి.

మన దేశంలో జరిగింది దీనికి తలకిందులు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చిన తరువాత, లైసెన్సుల చిక్కులకు, శిక్షలకు భయపడి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టడమే మానేశాయి. క్యాన్సర్ నొప్పితో అరిచే రోగికి ఇవ్వడానికి మాత్ర దొరకని రోజులవి. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు మార్ఫిన్ తెప్పించుకోవడం సులభం చేశారు. ఇప్పటికీ ప్రతి మాత్రకూ రిజిస్టరులో లెక్క ఉండాలి. ఒక ఇంటి మాత్రలు దారి తప్పితే ఇబ్బంది ఆ ఒక్క ఇంటికే కాదు, వరుసలో వెనుక ఉన్న రోగులందరికీ. కాబట్టి ఆ కాగితం మిమ్మల్ని పట్టుకోవడానికి పెట్టిన వల కాదు. మందు క్షేమంగా పనిచేయడానికి, అందరికీ దొరకడానికి మనం వేసుకున్న కట్టుబాటు.

గంజాయి ఇంట్లోకి ఎలా వస్తుంది?

చెడ్డ ఉద్దేశంతో తెచ్చేవారు తక్కువ. ప్రేమతోనే తెస్తారు. పక్క వార్డులో ఎవరో చెబుతారు. మన్యం వైపు తెలిసినవారు ఉంటే చిన్న పొట్లం వస్తుంది. కొన్ని చోట్ల చాక్లెట్ల రూపంలో దొరుకుతుంది. ఫోనులో వీడియో చూసిన మనవడు “తాతయ్యకు ఇది మంచిది” అంటాడు.

దాని వెనుక ఒక కారణం తప్పకుండా ఉంటుంది. మాత్రకూ మాత్రకూ మధ్య నొప్పి పొడుచుకు వస్తోంది. లేదా నిద్ర పట్టడం లేదు. వాంతులు, ఆకలి లేకపోవడం, లేదా రాత్రి పూట చావు భయం. వీటిలో ప్రతిదానికీ వైద్యం ఉంది. మధ్యలో వచ్చే నొప్పికి అదనపు మోతాదు రాయవచ్చు. నరాల మంటకు వేరే మందులున్నాయి. ఎముకకు పాకిన క్యాన్సర్ నొప్పికి రేడియేషన్ బాగా పనిచేస్తుంది. వాంతులకు, మలబద్ధకానికి మందులున్నాయి. భయానికి మాట సాయం ఉంది. గంజాయి తెచ్చారంటే, మా వైద్యంలో ఎక్కడో ఒక ఖాళీ మిగిలిపోయిందని అర్థం. ఆ ఖాళీ ఏమిటో మాకు చెప్పండి.

గంజాయి నొప్పిని తగ్గిస్తుందా?

సూటిగా చెబుతాము. గంజాయిలో మందు గుణం బొత్తిగా లేదని మేము అనము. దానిలోని పదార్థాలతో తయారైన కొన్ని మందులు క్యాన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులకు, కొన్ని అరుదైన మూర్ఛ జబ్బులకు కొన్ని దేశాలలో అనుమతి పొందాయి. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అతి ప్రమాదకరమైన పదార్థాల జాబితా నుండి తీసివేసింది. ఆ ఓటింగులో భారతదేశం కూడా తీసివేయాలనే ఓటు వేసింది. అయితే నియంత్రణ జాబితాలో అది అలాగే ఉంది.

దీర్ఘకాలిక నొప్పి సంగతి వేరు. ప్రపంచ నొప్పి వైద్యుల సంఘం 2021లో ఉన్న ఆధారాలన్నీ పరిశీలించి, నొప్పికి గంజాయి మందులను సాధారణంగా వాడమని చెప్పలేమని తేల్చింది. ఆస్ట్రేలియాలో క్యాన్సర్ కాని దీర్ఘకాలిక నొప్పికి మార్ఫిన్ జాతి మందులు వాడుతున్న 1,514 మందిని నాలుగేళ్ళు గమనించారు. ఆ ఫలితాలు 2018లో ప్రచురించారు. గంజాయి వాడినవారిలో నొప్పి తగ్గినట్టు గాని, మార్ఫిన్ జాతి మందుల అవసరం తగ్గినట్టు గాని ఆధారం కనబడలేదు.

మరి వాడినవారు “హాయిగా ఉంది” అంటారే? మత్తులో నొప్పి మీద ధ్యాస తగ్గుతుంది, కొంతసేపు నిద్ర పడుతుంది. దిగిన తరువాత నొప్పి అక్కడే ఉంటుంది. పైగా మన చేతికి వచ్చే పొట్లంలో ఎంత బలం ఉందో, ఏమి కలిపారో చెప్పేవారు లేరు. మార్ఫిన్ మాత్ర మీద 10 మిల్లీగ్రాములని రాసి ఉంటుంది. పొట్లం మీద ఏమీ రాసి ఉండదు.

రెండూ కలిస్తే ఏమవుతుంది?

ఒక ఇంటిని ఊహించుకోండి. మామగారికి వెన్నెముకకు పాకిన క్యాన్సర్. మార్ఫిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర నాలుగు గంటలకొకటి వేస్తున్నారు. అల్లుడు తెలియక గంజాయి చాక్లెట్లు తెచ్చి ఇచ్చాడు. పగలంతా మామగారు మగతగా పడుకున్నారు. “నొప్పి తగ్గింది కాబోలు” అని కోడలు రెండు మాత్రలు వేయలేదు. రాత్రి నొప్పి ఒక్కసారిగా తిరగబెట్టింది. మర్నాడు ఓపీకి తెచ్చి, “మాత్ర పనిచేయడం లేదు డాక్టరుగారూ” అన్నారు. చాక్లెట్ సంగతి చెప్పలేదు. డాక్టరు మోతాదు పెంచారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి పెంచిన మాత్రతో పాటు చాక్లెట్ కూడా ఇచ్చారు. గంట గడిచినా తేడా లేదని మరొకటి ఇచ్చారు.

ఇందులో ఎవరూ చెడ్డవారు కారు. కానీ తెల్లవారేసరికి ఆ ఇంట్లో ఏమైనా జరగవచ్చు. ఎందుకో వివరంగా చెబుతాము.

పొగ తాగితే గంజాయి కొన్ని నిమిషాలలో తలకెక్కుతుంది. తింటే అరగంట నుండి రెండు గంటల వరకు ఏమీ తెలియదు. అందుకే పనిచేయలేదనుకొని మరొకటి ఇస్తారు. తరువాత రెండింటి మత్తూ కలిసి వచ్చి గంటల తరబడి ఉంటుంది.

మార్ఫిన్ ఇచ్చేటప్పుడు మేము చూసే ముఖ్యమైన హెచ్చరిక గంట మగత. మోతాదు ఎక్కువైతే ముందు మగత పెరుగుతుంది, ఆ తరువాతే ఊపిరి నెమ్మదిస్తుంది. గంజాయి ఒక్కటే సాధారణంగా ఊపిరిని ఆపదు. కానీ అది కూడా మగత తెస్తుంది. అప్పుడు ఈ మగత మార్ఫిన్‌దో, గంజాయిదో, జబ్బు ముదరడం వల్ల వచ్చిందో మాకు తెలియదు. హెచ్చరిక గంట చెడిపోయినట్టే. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్, నిద్రమాత్రలు కూడా వాడుతుంటే మత్తు మరింత పెరుగుతుంది.

ఇవి కాక మరికొన్ని:

• పెద్దవారిలో తూలి పడటం, తుంటి ఎముక విరగడం.
• గుండె వేగం పెరగడం. గుండె జబ్బు ఉన్నవారికి ఇది ప్రమాదం.
• అయోమయం, లేనివి కనబడటం, ఇంట్లోవారిని అనుమానించడం. ఇది జబ్బు మెదడుకు పాకిందేమో అనిపించి, అవసరం లేని స్కానింగులకు డబ్బు పోస్తారు.
• రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవారిలో రక్తస్రావం ప్రమాదం పెరగడం.
• క్యాన్సర్ మందుల వల్ల రోగ నిరోధక శక్తి తగ్గినవారు పొగ పీలిస్తే, ఆకులో ఉన్న బూజు వల్ల ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ రావడం.
• చాలాకాలం రోజూ వాడినవారిలో కొందరికి ఆగని వాంతులు. వాంతి తగ్గడానికని మొదలుపెట్టినదే వాంతికి కారణమవుతుంది.

దాచడమే పెద్ద ప్రమాదం

గంజాయి వాడటం కంటే, వాడి దాచడం ఎక్కువ హాని చేస్తుంది. డాక్టరు మోతాదు నిర్ణయించేది మీ మాట మీదే. మాట సగమైతే మోతాదు తప్పుతుంది.

“చెబితే పోలీసులకు పట్టిస్తారేమో” అని కొందరి భయం. రోగి చెప్పిన మాటను గుట్టుగా ఉంచడం వైద్యుల ధర్మం. మా పని వైద్యం చేయడం. “చెబితే మార్ఫిన్ ఆపేస్తారేమో” అని మరికొందరి భయం. ఒక్క పరీక్ష చూసి రోగిని వెళ్ళగొట్టడం వైద్యం కాదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన సూచనలలో కూడా మూత్ర పరీక్ష ఫలితం ఆధారంగా రోగిని వైద్యం నుండి తొలగించవద్దని స్పష్టంగా చెప్పింది. పైగా ఆ పరీక్షకు హద్దులున్నాయి. గంజాయి కొవ్వులో నిలువ ఉంటుంది. ఒకసారి వాడినవారిలో కొన్ని రోజులు, రోజూ వాడినవారిలో నెల వరకు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు మూత్రంలో కనబడుతుంది. కాబట్టి ఎప్పుడు వాడారు, ఎంత వాడారు అన్నది పరీక్ష చెప్పలేదు. మీరే చెప్పాలి.

చెప్పిన తరువాత మేము చేసేది ఇది: నొప్పిని మళ్ళీ కొత్తగా అంచనా వేస్తాము. మత్తు తెచ్చే ఇతర మందులు తగ్గిస్తాము. మాత్రలు నెలకు కాకుండా వారానికి ఇస్తాము. మాత్రలు ఇంట్లో ఎవరి చేతిలో ఉండాలో నిర్ణయిస్తాము. మానలేని అలవాటుగా మారితే మానసిక వైద్యుని సాయం తీసుకుంటాము.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. “గంజాయి ఇచ్చాము కదా” అని భయపడి మార్ఫిన్‌ను మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి. చెమటలు, ఒళ్ళు నొప్పులు, విరేచనాలు, తట్టుకోలేని ఆందోళన వస్తాయి, అసలు నొప్పి ఇంకా పెరుగుతుంది. గంజాయి ఆపండి, మాకు ఫోను చేయండి.

చట్టం ఏమంటుంది?

1985 చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు. దానిని వాడినవారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కొద్ది మొత్తం దగ్గర ఉంచుకున్నా ఏడాది వరకు కఠిన శిక్ష ఉంది. చట్టం దృష్టిలో కొద్ది మొత్తం అంటే కిలో వరకు. “నా కోసం కాదు, మా నాన్న కోసం” అన్న మాట కేసు నుండి తప్పించదు. పెరట్లో మొక్క పెంచడం ఇంకా పెద్ద నేరం. దానికి పదేళ్ళ వరకు శిక్ష ఉంది. అలవాటు పడి, తనంతట తాను చికిత్సకు ముందుకు వచ్చినవారికి ఇదే చట్టంలోని 64ఎ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. ఇది తెలిసి ఉండటం మంచిది.

ఒట్టి ఆకు, అంటే భంగు, చట్టంలోని గంజాయి నిర్వచనంలోకి రాదు. అలాగని అది మందుతో కలిపి వాడటం క్షేమమని కాదు. మత్తు పదార్థం ఆకులోనూ ఉంటుంది.

అమెరికాలో పిల్లలున్నవారికి ఒక మాట. అక్కడ చాలా రాష్ట్రాలలో గంజాయి గమ్మీలు, నూనెలు దుకాణంలో అమ్ముతారు. పిల్లలు ప్రేమతో సూట్‌కేసులో పెట్టి పంపాలనుకుంటారు. అక్కడ కొనుక్కున్నా, ఇక్కడి విమానాశ్రయంలో దిగగానే అది మన చట్టం కింద నేరం. పిల్లల దగ్గరకు వెళ్ళి అక్కడ నొప్పి వైద్యం చేయించుకునేవారు కూడా గమనించండి. రాష్ట్రం అనుమతించినా, నొప్పి క్లినిక్ ఒప్పందంలో గంజాయి వద్దని ఉండవచ్చు. సంతకం పెట్టే ముందు చదివించుకోండి. అక్కడి కేంద్ర చట్టం వేరు గనుక, వీసా, గ్రీన్‌కార్డు వ్యవహారాలలో కూడా చిక్కు రావచ్చు.

మీరు అడిగే ప్రశ్నలు

“మార్ఫిన్ కూడా మత్తుమందే కదా, గంజాయికి మాత్రం ఎందుకు వద్దంటారు?”
మార్ఫిన్ మోతాదు కొలిచి ఇస్తాము, మెల్లగా పెంచుతాము. మొదటి కొద్ది రోజుల మగత చాలామందిలో తగ్గిపోతుంది. ఎక్కువైతే విరుగుడు ఇంజెక్షన్ ఉంది. గంజాయికి కొలత లేదు, ఆ విరుగుడు దానికి పనిచేయదు.

“మా అమ్మకు ఇక నెల రోజులే అన్నారు. ఇప్పుడైనా ఇవ్వకూడదా?”
ఈ ప్రశ్న అడిగే మనసు మాకు అర్థమవుతుంది. కానీ ఆ నెల రోజులలో అమ్మ మిమ్మల్ని గుర్తుపట్టి, పేరు పెట్టి పిలిచి, చెప్పాలనుకున్నది చెప్పాలి కదా. అయోమయం వస్తే ఆ అవకాశం పోతుంది. చివరి రోజులలో మార్ఫిన్‌ను అవసరమైనంత పెంచవచ్చు. మింగలేకపోతే చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇవ్వవచ్చు. నొప్పితో ఎవరూ పోనవసరం లేదు.

“ఆయుర్వేదం డాక్టరుగారు విజయ అనే మందు రాశారు. అది వాడవచ్చా?”
విజయ అంటే గంజాయి మొక్కే. లైసెన్సు ఉన్న మందైనా, ఆ సీసా, చీటీ మాకు చూపించండి. చూపించే వరకు మార్ఫిన్‌తో కలపకండి.

“ట్రమడాల్ అయితే ఫరవాలేదా?”
ఫరవాలేదనుకోకండి. ట్రమడాల్ కూడా 2018 నుండి ఇదే చట్టం కిందకు వచ్చింది. అది మగత తెస్తుంది, కొందరిలో మూర్ఛలు తెస్తుంది. గంజాయితో కలపకూడదు.

“మా అబ్బాయికే గంజాయి అలవాటుంది. ఏం చేయమంటారు?”
మాత్రలు తాళం పెట్టెలో ఉంచండి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి, రోజూ లెక్క రాయండి. అబ్బాయిని తిట్టి వెళ్ళగొట్టవద్దు. చికిత్స ఉంది. 14446 నంబరుకు ఫోను చేస్తే వ్యసన విముక్తికి సలహా ఇస్తారు. మానసిక ఆందోళనకు 14416కు ఫోను చేయవచ్చు.

ఇంటికి వెళ్ళి గుర్తుంచుకోండి

• రోగి గాఢ నిద్రలో ఉండి పిలిచినా, భుజం తట్టినా లేవకపోతే. నిమిషానికి ఊపిరి ఎనిమిది కంటే తగ్గితే. గురకలా గరగర శబ్దం వస్తే. పెదవులు నీలంగా మారితే. కంటిపాప సూదిమొనలా చిన్నదైతే వెంటనే 108కి ఫోను చేయండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్ళు నోట్లో పోయకండి, ఊపిరితిత్తులలోకి పోతాయి. ఏమేమి ఇచ్చారో అంబులెన్సు వారికి దాచకుండా చెప్పండి.
• మాత్ర వేసిన సమయం, నొప్పి ఎంత ఉంది, మగత ఎంత ఉంది, ఈ మూడూ ఒక నోటుబుక్కులో రాసి ఓపీకి తీసుకురండి.
• నాటుమందు, చాక్లెట్, నూనె, పొడి, ఏది ఇచ్చినా చెప్పండి.
• రోగి కన్నుమూసిన తరువాత మిగిలిన మార్ఫిన్ మాత్రలు ఎవరికీ ఇవ్వకుండా మాకు తిరిగి అప్పగించండి.
• నొప్పి తగ్గకపోతే వచ్చే తేదీ వరకు ఆగకండి. పొట్లం కోసం వెతికే ముందు మాకు ఒక ఫోను చేయండి.

ఆ ఒప్పందం కాగితంలో మీ సంతకం పక్కన డాక్టరు సంతకం కూడా ఉంటుంది. నిజం చెబుతామని మీరు మాట ఇచ్చారు. నొప్పిని వదిలేయమని మేము మాట ఇచ్చాము. మీరు మీ మాట నిలబెట్టుకుంటేనే మా మాట నిలబెట్టుకోవడం మాకు వీలవుతుంది.

 అందరి ముందు అడగలేని ప్రశ్న ఏదైనా ఉంటే, బయట కూర్చున్న సిస్టరుగారితో విడిగా చెప్పండి.